కోయబాకు

సోమయాజులు గారి ఎర్ర సిరా తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మద్రాసు నుంచి మూడోసారి తిరిగొచ్చిన నా రాతప్రతిని ఆసుపత్రి వరండాలో విప్పి చూశాను. నేను నల్ల సిరాతో ఎంత రాశానో ఆయన ఎర్ర సిరాతో అంత రాశారు. "నొప్పులు" కొట్టేసి "ప్రసవవేదన" అన్నారు. "ఉమ్మనీరు" కొట్టేసి "గర్భోదకము" అన్నారు. బిడ్డ ఏడవకపోతే వీపు నిమరమని నేను రాస్తే, శిశువు రోదింపనిచో పృష్ఠమును స్పృశింపవలెనట. మా చుట్టుపక్కల పల్లెల్లో పృష్ఠమంటే ఎవరికీ తెలియదు. తెలిసిన ఒకరిద్దరు అయ్యవార్లు దాన్ని వీపు అనుకోరు.

చివర ఒక ఉత్తరం. "మీ గ్రంథము మిక్కిలి ఉపయుక్తమైనది. భాషకు మాత్రము కొంత సంస్కారము అవసరము. తొంబది పుటలను అరువదికి కుదింపుడు. కాగితము దొరకుట లేదు." సంస్కారం ఎవరికి కావాలో అక్కడే కూర్చుని జవాబు రాసేదాన్నే గానీ, వార్డులో గంట కొట్టారు.

నా పేరు నిర్మలమ్మ. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా చిత్తూరులో ఒక మిషను ఆసుపత్రిలో కాన్పుల నర్సును. పుస్తకాలు రాసే మనిషిని కాను. పందొమ్మిది వందల నలభై అయిదు వేసవిలో ఒక్క నెలలో అయిదుగురు పసిబిడ్డలను మా దగ్గరికి తెచ్చారు. అందరూ పుట్టిన ఏడో రోజో ఎనిమిదో రోజో వచ్చినవాళ్ళే. దవడలు బిగుసుకుపోయి పాలు తాగలేరు. ముట్టుకుంటే చాలు, ఒళ్ళంతా వెనక్కి వంగిపోతుంది. ధనుర్వాతం. ఒక్కరూ బతకలేదు. తల్లులను అడిగితే అందరిదీ ఒకటే మాట, మంత్రసాని బొడ్డు కొడవలితో కోసింది అని. పొద్దున గడ్డి కోసి, చూరులో దోపిన కొడవలి. అయిదో బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి తండ్రి చేతికిచ్చిన రోజున నేను బజారుకు పోయి నోటుబుక్కు కొన్నాను.

మా పల్లెల్లో మంత్రసానులకు చదువు రాదు. ఇంట్లో చదువుకున్నవాళ్ళెవరైనా పైకి చదివితే వాళ్ళు వింటారు. అందుకని రాసిందల్లా ముందు నాగులమ్మకు చదివి వినిపించేదాన్ని. నాగులమ్మది ఊరికి మూడు మైళ్ళ అవతలి పల్లె. ముప్పై ఏళ్ళుగా మంత్రసాని. అంతకు కొన్నేళ్ళ ముందు, మొదట్లో నన్ను చూస్తే ముఖం తిప్పుకునేది. కొత్త బ్లేడూ దారమూ రేకు డబ్బాలో పెట్టి ఇచ్చి, వాటిని నీళ్ళలో ఎలా మరగబెట్టాలో చూపించి, ఏడాది పాటు వెంటపడ్డాను. ఎనిమిదో రోజు చావులు తన చేతి మీద ఆగిపోయాయని తనే లెక్కపెట్టుకుని నా వైపు తిరిగింది. నోటికి అడ్డూ అదుపూ లేని మనిషి.

తొంభై పుటల్లో నిజానికి నాకు కావలసింది ఒక్క వాక్యం. దాన్ని మొదట ఇలా రాశాను: "కొడవలితో బొడ్డు కోయరాదు."

నాగులమ్మ వక్కాకు నములుతూ విన్నది. "కోయను రాదా? ఎవురికి రాదు?" అంది.

"ఎవురికీ రాదు అని కాదు నాగులమ్మక్కా..."

"నాకు వస్తాది నర్సమ్మా. ముప్పై ఏండ్లు కోస్తిని. రాదని ఎట్టా రాస్తావు?"

ఈత రాదు, వంట రాదు అన్నట్టు విన్నది ఆమె. తప్పు ఆమెది కాదు. అది కొట్టేసి "కోయవద్దు" అని రాసి మళ్ళీ చదివాను.

"వద్దు అనేది సుట్టం అనే మాట. ఇంకో ముద్ద పెట్టబోతే వద్దు వద్దు అంటాడు. అయినా పెడతాం గదా. పెట్టకపోతే మనకే సెడ్డపేరు."

"కోయకూడదు" అన్నాను.

"కూడదు అనేది పంచాంగం అయ్యోరి మాట. కూడదనేదీ ఆయనే, పరిహారం సెప్పేదీ ఆయనే."

నాకు విసుగొచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని అప్పటికి తొమ్మిదిసార్లు కొట్టి రాశాను. కాగితం అక్కడ చిరుగు పట్టింది. "మరేం రాయమంటావు? నువ్వే సెప్పు తల్లీ" అని పెన్ను కింద పడేశాను.

నాగులమ్మ వక్కాకు ఉమ్మేసి వచ్చి కూర్చుంది. "బిడ్డ బాయి గట్టు కాడికి పోతా ఉంటే తల్లి ఏమని అరస్తాది? పోరాదు అంటాదా? పోవద్దు అంటాదా? పోబాకు అంటాది. ఆ మాట యింటే కాలు ఆగిపోతాది."

మా వైపు బాకు అంటే అంతే. తినబాకు, పోబాకు, ముట్టబాకు. అంటే ఆ పని చేయకు అని. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే గానీ, అది రాసే మాట అని నాకెప్పుడూ తోచలేదు. బడిలో రాసి ఉంటే అయ్యవారు బెత్తం తీసేవారు. పుస్తకం మొత్తంలో ఆ ఒక్కచోట మాత్రం "కొడవలితో బొడ్డు కోయబాకు" అని రాసి చదివాను. నాగులమ్మ ఇంకేమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం నేనెరగను, అందుకని అది సరిపోయిందని తెలిసింది.

ఆ ఏడాది చివర రాతప్రతిని మద్రాసులో ఆరోగ్య పుస్తకాలు వేసే ఒక సంఘానికి పంపాను. సోమయాజులు గారు వాళ్ళ పరిష్కర్త. గోదావరి అవతలి నుంచి అప్పుడే మద్రాసు చేరిన పండితుడు. ఎనిమిది నెలలు మా ఇద్దరికీ మధ్య తిరిగి తిరిగి పోస్టు బంట్రోతు చెప్పులు అరగదీసుకున్నాడు. నేను "నొప్పులు" అని తిరిగి రాస్తే ఆయన "వేదన" దాకా దిగేవారు. "వేదన మీ ఉత్తరాలు చదివితే వస్తోంది, కాన్పుకు వచ్చేవి నొప్పులే" అని రాశాను. దాంతో నొప్పులు ఇచ్చేశారు. వీపు కూడా ఇచ్చారు. ఉమ్మనీటికి మాత్రం రెండు నెలలు పట్టింది. కాగితం కరువని ముప్పై పుటలు నా చేత్తో నేనే తీసేశాను. గర్భిణి ఏం తినాలో రాసిన అధ్యాయం మొత్తం పోయింది. రాగులూ మునగాకూ అంటూ ఇష్టంగా రాసుకున్న అధ్యాయం. ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుని దాన్ని కొట్టేస్తుంటే ఏడుపొచ్చింది.

నాలుగోసారి వచ్చిన ప్రతిలో ప్రశ్నలు నలభై మూడు. పుటల అంచుల్లో, ఎర్రగా, వరసగా. రెండు ఆదివారాలు కూర్చుని నలభై రెంటికి జవాబు రాశాను. తేలిగ్గా కనబడిందని వదిలేసినది ఒకటి చివరికి మిగిలింది, మూడో అధ్యాయంలోది. "కోయ బాకు: అర్థము స్పష్టముగా లేదు. వివరింపుడు" అని ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పసిపిల్లలకు తెలిసిన మాట కూడా తెలియని పెద్దమనిషికి ఏమని వివరించేది? వివరించలేదు. అంచులో పెద్ద అక్షరాలతో "బాకు ఉండి తీరాలి. తీయడానికి వీల్లేదు" అని రాసి, కింద రెండు గీతలు గీసి, పోస్టులో వేశాను. ఆయన దాన్ని రెండు మాటలుగా విడదీసి రాశారని గమనించనైనా లేదు. వేసి వచ్చి హాయిగా కాఫీ తాగాను కూడా.

అచ్చుకు ముందు ఇంకోసారి పంపుతామన్నవాళ్ళు పంపలేదు. కాగితం దొరికిన రోజే వేసేశామని కార్డు వచ్చింది. ఆగస్టులో అయిదు వందల పుస్తకాలు రైలు పార్సెల్లో దిగాయి. అంచులు కత్తిరించకుండా పంపారు. పుటలు మడతల్లోనే ఉన్నాయి, ఎవరికి వారు కోసుకుని చదువుకోవాలి. అయినా అట్ట మీద నా పేరు చూసుకుంటే సంతోషమే అయింది. లోపల చూసే తీరిక కూడా లేకుండా, ఒక కట్ట తీసుకుని నాగులమ్మ పల్లెకు పోయాను.

నాగులమ్మ తన పంచలో పన్నెండు మంది మంత్రసానులను కూర్చోబెట్టి ఉంది. తలా ఒక పుస్తకం ఇచ్చాను. కళ్ళకద్దుకున్నారు. అందరిలోకీ పెద్దది అక్కమ్మ, ఆమె పుస్తకాన్ని కొంగులో మూట కట్టుకుంది. నేను నా పుస్తకం మడతలు కత్తెరతో కోసుకుంటూ చదవసాగాను. మొదటి అధ్యాయం బాగానే విన్నారు. రెండోదీ విన్నారు. మూడో అధ్యాయానికి గొంతు పెంచి చదివాను.

"కొడవలితో గాని బాకుతో గాని బొడ్డును కోయవలెను."

నా నోరు చదివేసింది. చెవి తర్వాత విన్నది. బాకు అంటే పుస్తకాల్లో చురకత్తి. ఆ సంగతి నాకూ తెలుసు. ఏడాదిగా ఆ మాట రాస్తూ చదువుతూ ఉన్నా ఒక్కసారీ తట్టలేదు.

అక్కమ్మ ముఖం విప్పారింది. "సూసినారా! అచ్చులోనే ఉండాది, కొడవలితో కోయమని. ఈ నర్సమ్మ ఇన్ని దినాలు మనల్ని ఊరికే తిడతా ఉండె."

"అది తప్పు అక్కమ్మా. అచ్చులో తప్పు పడింది."

"అట్టయితే కడమ మాటలన్నీ గూడా తప్పులేమో?" అక్కమ్మ మర్యాదగానే అడిగింది. నా ఉద్యోగంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకొకటి లేదు.

నాగులమ్మ లేచి నిలబడింది. "ఆ మాట సెప్పింది నేను. నా మాట ఎవురు మార్సినారు?" అని నా చేతిలో పుస్తకం లాక్కుంది. దాన్ని చూసి ఏం చేయాలో తెలియక మళ్ళీ నా ఒళ్ళో పడేసింది. ఆ తర్వాత వీధి చివరికి వినబడేటట్టు అరిచింది. "కోయబాకు! కొడవలితో కోయబాకు! యిన్నారా?"

పక్కింట్లో పసివాడు ఉలిక్కిపడి ఏడ్చాడు. అందరూ తలలూపారు. తలలూపడం వేరు, ఇంటికి పోయాక చూరులోకి చెయ్యి పోకుండా ఉండటం వేరు.

మరునాటి నుంచి నాగులమ్మ పల్లె పల్లెకూ నడిచి పుస్తకాలు వెనక్కి తెచ్చింది. పదకొండు వచ్చాయి. అక్కమ్మ మాత్రం ఆ తెల్లవారే గూడూరు పోయిందట, కూతురి కాన్పుకు. పుస్తకం కూడా తీసుకుపోయిందట. అల్లుడు రైల్వేలో పని అన్న మాట తప్ప అతని పేరు కూడా ఎవరికీ తెలియదు. కాన్పుకు ఇంకా నెల ఉందన్నారు. గూడూరు స్టేషనుకు ఒక ఉత్తరం రాశాను, జవాబు లేదు.

మద్రాసుకు రాసిన ఉత్తరానికి మాత్రం సోమయాజులు గారి నుంచి జవాబు వచ్చింది. తప్పొప్పుల పట్టిక అచ్చు వేసి పుస్తకం చివర అంటిద్దామని మొదలుపెట్టి, తాను మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి వస్తున్నానని, స్టేషను దగ్గరి సత్రంలో కలవమని రాశారు. తప్పొప్పుల పట్టిక! చదువు రాని మంత్రసానికి ఎవరు మూడో అధ్యాయం చదివి, లేచి పోయి చివరి పుట చూసి, మళ్ళీ వచ్చి దిద్ది చెప్తారు? పుస్తకాలన్నీ మూటలు కట్టించి, నాగులమ్మను వెంటబెట్టుకుని రైలెక్కాను. దారి పొడుగునా తిట్లు కూర్చుకున్నాను.

కొండ మీద నుంచి బస్సులో అప్పుడే దిగి వచ్చి, గుండుకు గంధం పూసుకుని, సత్రం వసారాలో చాప మీద కూర్చుని ఉన్నారు ఆయన. బక్క మనిషి. లేచి నిలబడి నమస్కారం పెట్టారు. నేను కూర్చుకున్న తిట్లలో మొదటిది నోటి దాకా వచ్చేసరికి, ఆయన సంచిలో నుంచి రాతప్రతి తీసి నా ముందు పరిచారు.

"మీరు ఉంచమన్నారమ్మా, ఉంచాను" అన్నారు.

అంచులో నా రాత. బాకు ఉండి తీరాలి. కింద రెండు గీతలు.

"కోయ, బాకు అంటే వాక్యం పూర్తి కాలేదు. వివరించమని అడిగాను, మీరు వివరించలేదు. బాకు మటుకు తీయవద్దన్నారు. మీ వైపు బాకుతో కూడా కోస్తారు కాబోలనుకున్నానండి. అంచేత మీ మాట ఉంచి వాక్యాన్ని సరిచేశాను."

ఎనిమిది నెలల్లో ఆయన మారు మాట్లాడకుండా విన్న నా మాట ఇదొక్కటే. మా వైపు బాకు అంటే ఏమిటో చెప్పాను.

ఆయన రాతప్రతిని దగ్గరికి లాక్కుని ఆ మాట మళ్ళీ చూశారు. "ఆ రూపం ఏ నిఘంటువులోనూ లేదమ్మా. వద్దు అంటే చాలదా?"

సత్రం మనిషి ఇత్తడి చెంబుతో పాలు తెచ్చి పెట్టి పోయాడు. పొగలు కక్కుతున్నాయి. ఆయన నా వైపే చూస్తూ చెంబు మీదికి చెయ్యి చాచారు.

"పట్టబాకు!" అని అరిచింది నాగులమ్మ.

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"మాట తెలీదంటివే అయ్యోరా, మరి సెయ్యి యెట్టా ఆగె?" అంది నాగులమ్మ. "నేను వద్దు అని ఉంటే, ఎందుకు వద్దు అని నా మొగం సూసి ఉందువు. ఆ లోపల ఏళ్ళు కాలి ఉండును."

సోమయాజులు గారు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. పిల్లలు ఎన్నో రోజున పోతారని అడిగారు. ఏడో రోజో ఎనిమిదో రోజో అన్నాను. ఆయన మూట విప్పి, ఎర్ర సిరా బుడ్డి మూత తీశారు. నేను మడతలు కోసి ఇస్తుంటే ఆయన ఆ వాక్యం కొట్టేసి, పైన "కొడవలితో బొడ్డు కోయబాకు" అని రాస్తూ పోయారు. రెండు రోజులు పట్టింది. మొదటి పుస్తకం దిద్దగానే, చదువు రాని నాగులమ్మకు తిప్పి చూపించి "కలిపే రాశానమ్మా" అన్నారు. నాలుగు వందల తొంభై తొమ్మిది దిద్దాము. ఒకటి మిగిలింది.

చిత్తూరు చేరిన మూడు వారాలకు గూడూరు నుంచి కార్డు వచ్చింది. రాసింది అక్కమ్మ అల్లుడు. "అమ్మగారికి వందనములు. మా యింట మగబిడ్డ కలిగినాడు. మా అత్తగారు అంతయు మీ పుస్తకములో ఉన్నట్లే చేసినారు. తల్లీ బిడ్డా క్షేమము."

పుస్తకంలో ఉన్నట్లే. వార్డు గుమ్మంలోనే కార్డులో బిడ్డ పుట్టిన తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆ రోజుకు బిడ్డకు ఆరో రోజు. నేను చేరేటప్పటికి ఏడో రోజు అవుతుంది. ఒకవేళ ఆ జబ్బు వచ్చి ఉంటే నేను పోయి చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు జిల్లాలో లేరు. అయినా నాగులమ్మకు కబురు పంపి, దొరికిన బండి ఎక్కాను.

పాకాల దాటింది, తిరుపతి దాటింది, కాళహస్తి దాటింది. తిట్టుకోవడానికి నాకు సోమయాజులు గారు కూడా మిగల్లేదు. వివరింపుడు అని అడిగాడు ఆ మనిషి. నలభై రెండు వివరించినదాన్ని ఇంకొక్కటి వివరిస్తే నా సొమ్మేం పోయేది? పౌరుషానికి పోయి రెండు గీతలు గీసి, కాఫీ తాగాను.

రైల్వే ఇళ్ళ వరసలో కార్డు మీది నంబరు వెతుక్కుంటూ పోతుంటే, ఒక ఇంట్లో నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. గొంతు చించుకుని ఏడుస్తున్నాడు. దవడ బిగిసిన బిడ్డ అలా ఏడవలేడు. అయినా నమ్మకం చాలక, లోపలికి పోయి చేతులు కడుక్కుని వాడి నోట్లో చిటికెన వేలు పెట్టాను. గట్టిగా చప్పరించాడు. బొడ్డు పొడిగా ఆరి ఉంది.

"దేంతో కోసినావు అక్కమ్మా?"

"బ్లేడుతో. మరగబెట్టి."

"పుస్తకంలో ఉన్నట్టే సేసినావని రాసినారే!"

"పుస్తకం ఎవురు సదివినారు నర్సమ్మా? అల్లుడికి బండ్ల పనితోనే సరిపోయె. మర్యాదకి అట్ట రాయమంటిని." అక్కమ్మ బిడ్డ మీది గుడ్డ సర్దింది. "అబద్ధం ఎందుకు, ముందు కొడవలే తీసినా. తీసేలకు ఈమె అరుపు సెవిలో పడినట్టాయె. సెయ్యి రాలేదు." అని నాగులమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"మరి పుస్తకం యాడ?"

అక్కమ్మ బాలింత తలగడ కింది నుంచి తీసి ఇచ్చింది. మా వైపు బాలింతకు గాలీ ధూళీ సోకకుండా తలగడ కింద కొడవలి పెడతారు. "ఆ కొడవలి తీసేసి దీన్ని పెడితిని. అచ్చు పుస్తకం గదా" అంది.

తెరిచి చూశాను. మూడో అధ్యాయం మడత విప్పనే లేదు. ఏడాదిన్నర పాటు కొట్టి రాసి, రాసి కొట్టి, ఒక పండితుడితో పోట్లాడి, ఆఖరికి పసివాడిని చంపేశానేమో అని రైలంతా నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఆ పుటను ఈ ఇంట్లో ఎవరూ చూడనే లేదు. కోపమొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ ఆగక ఏడుపొచ్చింది. బాలింత బెదిరిపోయి బిడ్డను దగ్గరికి తీసుకుంది.

కళ్ళు తుడుచుకుని సంచిలో నుంచి ఎర్ర పెన్సిలు తీశాను. "ఈ మడత కోయాల. కత్తి ఏమన్నా ఉండాదా?" అని అడిగాను.

అక్కమ్మ లోపలికి పోయి కొడవలి తెచ్చింది. దాన్ని చూసి నాగులమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"కోసుకో" అంది. "కాయితానికయితే పనికొస్తాది."

కొడవలితో మడత కోశాను. ఆ వాక్యం కొట్టేసి, పైన నాగులమ్మ మాట రాసి, పుస్తకాన్ని మళ్ళీ బాలింత తలగడ కింద పెట్టాను.